రోజుకి ఒక్క తిప్పు

మార్చి 4
నా పై దవడ ఇరుకట. అందుకే పళ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. దవడని వెడల్పు చెయ్యడానికి అంగిలికి అడ్డంగా ఒక స్క్రూ పెట్టారు. రోజుకి ఒక్కసారి కీతో తిప్పాలి. ఒకరోజు మర్చిపోయినా కలిపి తిప్పొద్దంది డాక్టరమ్మ. పన్నెండేళ్లే కాబట్టి ఎముక ఇంకా మాట వింటుందట. వేళ్లు జాగ్రత్తండోయ్, దీని వెనకపళ్లు గట్టివి అని అమ్మతో నవ్వింది. తిప్పినప్పుడల్లా కార్డు మీద టిక్ పెట్టాలి.

మార్చి 12
అమ్మ తిప్పితే నొప్పే తెలీదు. ముందుపళ్ల మధ్య సందొచ్చింది. అగ్గిపుల్ల పడుతుంది! ఈల వేస్తే భలే వస్తోంది.

మార్చి 13
లారీ షెడ్డులో పని నుంచి వచ్చేసరికి గీజర్ వెయ్యలేదని నాన్న అమ్మ కుడిచెయ్యి వెనక్కి మెలిపెట్టాడు. టక్‌మంది. అంత చిన్న చప్పుడు. నేను తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డా. ఛీ, నేనూ ఒక కూతుర్నేనా.

మార్చి 14
అమ్మ చేతికి కట్టు. బాత్రూంలో జారానని పక్కింటావిడకి చెప్పింది. నాకూ అదే చెప్పింది.

మార్చి 17
ఎడమచేత్తో అమ్మకి కుదరక మూడు రోజులు తిప్పలేదు. నాన్న కార్డు చూశాడు. పదిహేనేళ్లుగా లారీల కింద దొర్లేవాడికి స్క్రూ తిప్పడం ఒకళ్లు నేర్పాలా అన్నాడు. పాతవీ ఇవాళ్టిదీ కలిపి నాలుగట. నోట్లో నాలుక లేని మా అమ్మ, కలపొద్దన్నారండీ అని అడ్డొచ్చింది. చెంప పగలగొట్టాడు.

నా తల మంచానికేసి నొక్కిపట్టాడు. గ్రీజు వాసన. ఒకటి. రెండు. మూడోదానికి కళ్ల మధ్య ఏదో చిట్లింది. నాలుగోది గుర్తులేదు. ముక్కులోంచి కారిన రక్తం దిండంతా అయింది.

టిక్కులు తనే పెట్టాడు. నాలుగూ వరసగా, నీటుగా.

మార్చి 18
ఇంకా బిగుసుకోలేదేంటని ఇవాళ మూడు తిప్పాడు. అది బిగుసుకోదు నాన్నా. అది విడదీసే స్క్రూ. ఎవరు చెప్పాలి ఆయనకి?

మార్చి 19, సాయంత్రం 7
అమ్మ కీ నా జామెట్రీ బాక్సులో దాచింది. చంపినా చెప్పనంది. ఆవిడకి మిగిలింది ఒక్క చెయ్యే.

8:15
కీ ఏదని నాన్న అమ్మని అడిగాడు. అమ్మ బాగున్న చెయ్యి పట్టుకుని మెలిపెట్టబోయాడు. నా దగ్గరుందని అరిచా. నేనే తెచ్చిచ్చా. నేనే నోరు తెరిచా. ఇంకా తెరువన్నాడు. తెరిచా. వేలు వెనకపళ్ల దాకా రానిచ్చా.

కొరికా. ఎముక తగిలేదాకా కొరికా. రెండో చేత్తో నా కణత మీద గుద్దుతూనే ఉన్నాడు. నోరంతా గ్రీజు, రక్తం. అమ్మ అరుస్తోంది. వదలమని కాదు, వదలొద్దని.

పక్కింటావిడ పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్లొచ్చి నాన్నని తీసుకెళ్లారు.

మార్చి 27
డాక్టరమ్మ అడిగితే అమ్మ ఈసారి బాత్రూం అనలేదు. వారం ఆపమన్నారు, ఇవాళ మళ్లీ మొదలు. అద్దం ముందు నేనే తిప్పుకున్నా. ఒక్కటే. అమ్మ ఎడమచేత్తో టిక్ పెట్టింది. వంకరగా వచ్చింది.