వెంట్రుకంత తీగ

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, దగ్గు తగ్గింది. నిన్న మా షెడ్డుకు నాన్న వయసున్న జీపు ఒకటి వచ్చింది, కొండదారుల్లో తిరిగే బండి. లైటు వేసినప్పుడల్లా ఫ్యూజు పోతోందని, ఇప్పటికి ఆరు మార్చానని ఓనరు ఒకటే గోల. నేను పెద్ద మొనగాడిలా మాడిన ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టబోయాను. మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు.

“అది అరుస్తుంటే నోరు నొక్కుతావేంట్రా? ఎందుకరుస్తోందో చూడు” అన్నాడు.

కింద రేకు విప్పి చూశాను. లైటు వైరు ఇనుముకు రాసుకుని రాసుకుని, తొడుగు పోయి రాగి బయటపడింది. దానికి బెత్తెడు దూరంలో పెట్రోలు పైపు! ఫ్యూజు గాజు గొట్టంలోని వెంట్రుకంత తీగ ఆరుసార్లు తాను కరిగిపోయి, అంత బండినీ అందులోని మనుషుల్నీ కాపాడిందక్కా. ఆ మాడిన ఫ్యూజును పారేయబుద్ధి కాక జేబులో పెట్టుకు తిరుగుతున్నాను.

అది సరే, మోటారు వేస్తే ఫ్యూజు పోతోందని పోయిన నెల మీ ఇంట్లో నేను మూడు పేటల రాగితీగ చుట్టి వచ్చాను కదా. “బావమరిది చెయ్యి పడ్డాక మళ్లీ పోలేదు” అని బావ మురిసిపోతున్నాడని రాశావు. నా భయమే అది. ఈ కార్డు చదవగానే మెయిను ఆపించు. కరెంటు పనివాణ్ణి పిలిచి నా తీగ తీయించు, మోటారు వైరు చూపించు. చంటిదాని మంచం ఆ బోర్డు కిందే ఉంది. దానికి పళ్లొచ్చాయా? బావకు నమస్కారాలు. రెండు రోజులు చీకట్లో ఉంటే ఉన్నారు, నా పనితనాన్ని మాత్రం నమ్ముకోకండి.

నీ తమ్ముడు