మంత్రిగారి గడపలో తొలి అడుగు

సైగాన్, టెట్ పండుగ రెండో రోజు

అక్కా,

ఈ యుద్ధాన్ని ఇంకా ఆపలేకపోయినందుకు నన్ను క్షమించు. మంత్రిగారి గుమాస్తాగా చేతనైనంత చేస్తున్నాను.

నిన్న, కొత్త సంవత్సరం పొద్దున్నే, అమెరికన్ సలహాదారు నాతోపాటు మంత్రిగారి గేటు ముందుకొచ్చాడు. కొండ మీద చిక్కుకున్న బావ దళానికి హెలికాప్టర్లు పంపే కాగితం తెచ్చాడు. దాని మీద మంత్రిగారి సంతకం కావాలి.

మంత్రిగారు కిటికీలోంచి అరిచారు: "పెళ్ళాం వదిలేసినవాడు గానీ, మైలలో ఉన్నవాడు గానీ ఇవాళ తొలి అడుగు పెడితే ఏడాదంతా నా కొంప మునుగుతుందయ్యా! ముందు ఎవరైనా అదృష్టవంతుణ్ణి పంపు!"

విడాకులైన ఆ సలహాదారు గడియారం చూసుకున్నాడు. "యుద్ధం మీదా, నాదా? నే పోతున్నా."

"అదృష్టవంతుణ్ణి నేనున్నానుగా అండీ!" అని లోపలికి నడిచాను. వెనకే ఆయన. సంతకం అయింది. సాయంత్రానికి బావ దిగాడు. చేతికి కట్టుంది, నోటికి లేదు.

నేను చేసిందల్లా ఒక్కటే. గడప దాటేముందు, నాన్న పోయినందుకు చొక్కాకు కుట్టుకున్న నల్లగుడ్డ పీకి జేబులో పెట్టుకున్నాను.

నీ తమ్ముడు