రవికె వెనుక గుడ్డ ఉండ

చిల్పూరు, 1984.

అల్లుడు కొండల్‌కు నీ మామ రాయునది.

నిద్రలో ఊపిరి ఆగే మా విమల, ఇక్కడికి వచ్చిన పది రోజుల నుంచి హాయిగా పడుకుంటున్నది. పొద్దున తలనొప్పి లేదు, పత్తి ఏరుతూ నవ్వుతున్నది. నా సంతోషానికి ఈ కార్డు చాలదు.

వెల్లకిల పడుకుంటేనే ఊపిరి ఆగుతదని, అట్ల పడుకోకుండా రవికె వెనుక గుడ్డ ఉండ కుట్టుకొమ్మని వరంగల్ డాక్టరు చెప్పిండు. నువ్వేమో "గూని పెండ్లాం నాకొద్దు, తీసెయ్" అన్నవట. ఎందుకు విప్పినవు బిడ్డా అంటే, "ఆయనకు నచ్చలే బాపూ" అన్నది. నా ఒళ్లు మండింది. మీ అత్త మళ్లీ కుట్టింది.

విమల వస్తానంటున్నది, నేనే పంపను. నువ్వు వచ్చి సూదీ దారం పట్టి, ఇంకో రవికెకు నీ చేత్తో ఉండ కుట్టి, బిడ్డను తీసుకపో.

అల్లుళ్లకు రాసే దీవెన ఈ కార్డులో రాయలేదు. వచ్చినంక నోటితో ఇస్త.