బుజ్జిగాడి లంఖణం

పాలకొల్లు, శుక్రవారం రాత్రి

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మా కుందేలు బుజ్జిగాడిని నిన్న సాయంత్రమే ఇంటికి తెచ్చాం. నా పెద్దాపరేషన్‌కి అమ్మ నన్ను ఉంచినట్టే వాడినీ లంఖణం ఉంచాలని గూట్లో గడ్డంతా నేనే తీసేశాను.

"మూగజీవం కదమ్మా, రెండు కొత్తిమీర రెబ్బలైనా వెయ్యి," అన్నారు అత్తయ్యగారు. నేను వినలేదు.

పొద్దున్న చూస్తే వాడు మూల ముడుచుకుని ఉన్నాడు. ఒక్క పెంటిక వెయ్యలేదు. అత్తయ్యగారూ నేనూ వాడిని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరుగారు వాడి పొట్ట తడిమి ఇంజక్షన్ చేశారు.

"కుందేలుని పస్తు ఉంచకూడదండి, పేగులు ఆగిపోతాయి. తిండి ఎవరు మాన్పించారు?"

"మా అత్తయ్యగారండి. పాతకాలం మనిషి," అన్నాను. అంత మాట నా నోట ఎలా వచ్చిందో. ఆవిడ నా పక్కనే బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నారు.

"తెలీక చేశానండి," అన్నారు ఆవిడ, నేలకేసి చూస్తూ.

సాయంత్రానికి వాడు గడ్డి కొరికాడు, పెంటికలూ వేశాడు. ఇంక క్షమాపణ అడిగేద్దామని పెరట్లోకి వెళ్లాను. అత్తయ్యగారు కొత్తిమీర రెబ్బ పట్టుకుని గూటి ముందు నిలబడి ఉన్నారు. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"పెట్టొచ్చా అమ్మా?" అని నన్నే అడిగారు.