కొలను మోటారు, అమ్మగారి దీపం

బరంపురం

అప్పకి, బావకి జోగులు చేతులెత్తి మొక్కి రాసేది. మీరిద్దరూ ఎలా ఉన్నారు? బావకి దగ్గు తగ్గిందా? నేను బాగున్నాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

పొలం కౌలుకిచ్చి ఇక్కడికి వచ్చాక నీకు సరిగా ఉత్తరమే రాయలేదు. షావుకారు గారింట్లో మొక్కల పని కష్టమేమీ కాదు. గేటు పక్కన గది ఇచ్చారు. తిండికి లోటు లేదు, కూరలో కారమే తక్కువ. చలి మొదలైంది. మన సోనేపూర్‌లో సముద్రం హోరు వింటూ పడుకునేవాణ్ణి, ఇక్కడ ఆటోల మోత. మొదట్లో నిద్ర పట్టలేదు. ఇప్పుడు పడుతోంది. బాగానే ఉన్నాను. ఎవరైనా ఇటు వస్తే గుప్పెడు బచ్చలి విత్తులు పంపు.

ఈ ఇంట్లో షావుకారు గారి తల్లి ఉన్నారు. తుంటి విరిగాక నడవలేరు. ఏటా కార్తీకంలో ఏటికి వెళ్లి దీపాలు వదిలేవారట. ఈసారి పెరట్లోని తామర కొలనులోనే వదులుతానన్నారు. ఆ నీరు చూస్తే పాచిపట్టి ఒకటే వాసన. మోటారు పెట్టి తిప్పితే బాగుపడుతుందని షావుకారు గారు నన్ను బడా బజార్ పంపారు.

మన వరిచేనుకి పెట్టే మోటారు లాంటిదే అడిగాను. దుకాణం ఆయన నవ్వాడు.

"కొలను ఎంతుంటాది తాతా?"

"రెండు మంచాలంత. మోకాల్లోతు."

"దానికి అంత మోటారెట్టినావంటే సేపలు గోడెక్కుతాయి. రాత్రీ పగలూ నడవాల కాదేటి? సిన్నది సాలు. రెండు గంటలకోపాలి నీరంతా తిరిగితే అదే తేటపడతాది. కరెంటూ తక్కువ కాల్తాది."

అరచేతిలో పట్టేంత మోటారు ఇచ్చాడు. నాకు నమ్మకం కలగలేదు గాని, ఎదురు చెప్పలేక తెచ్చేశాను. బురద లాగకుండా ఇటుక మీద పెట్టాను. దాని స్పాంజి వారం వారం కడుగుతున్నాను. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకేస్తాను, ఆ భయం నీకొద్దు. కొన్నాళ్లకి అడుగున తిరిగే చేపలు కనిపించాయి.

కార్తీక సోమవారం సాయంత్రం అమ్మగారిని గట్టు మీద కూర్చోబెట్టాం. అరటి దొప్పలో దీపం పెట్టి వదిలారు. బాగానే వెళ్తోందనుకున్నాను. అది అవతలి గట్టు దాకా పోయి, మలుపు తిరిగి, మెల్లగా వచ్చి అమ్మగారి పాదాల దగ్గరే ఆగింది. మళ్లీ తోశారు. మళ్లీ వచ్చింది. నీళ్లు గుండ్రంగా తిరిగేలా మోటారు పెట్టింది నేనే కదా.

మనవరాలు చిట్టి పకపకా నవ్వింది. "మామ్మా, సర్గంలో ఖాళీ నేదంట. ఎనక్కి పంపీసినారు!"

"నోర్ముయ్యే" అన్నారు కోడలు గారు.

అమ్మగారూ నవ్వారు. కాసేపయ్యాక మాత్రం నన్ను చూసి, "రేపు నాను ఎల్లినా ఇలాగే తోలేత్తారేటి జోగులూ?" అన్నారు. ఉపవాసం విడిచి కూడా సరిగా తినలేదట. దీపాలు వదిలి పోలిని స్వర్గానికి పంపే పోలి పాడ్యమి దగ్గర పడింది. ఆ రోజు కూడా దీపం ఎదురొస్తే ఆవిడ మనసులో అది ఉండిపోతుంది.

మోటారు కట్టేసి చూశాను. దొప్ప ఉన్నచోటే ఉండిపోయింది. మళ్లీ దుకాణానికి వెళ్లి అమ్మగారి సంగతి చెప్పాను.

"దీపం ఎల్లాల. తిరిగి రాకూడదు" అన్నాను.

ఆయన ఈసారి నవ్వలేదు. "మోటారు అవతలి కొసన, తామరాకుల కిందెట్టు. పైపు గట్టెంట తెచ్చి, అమ్మ కూకుండే కాడ దాని మూతి ఎట్టు. నీరు ఇటునుంచి అటు పోతాది. పైపు పొడుగైతే జోరు తగ్గుతాది మరి, సూసుకో."

నాకూ జోరు తగ్గడమే కావాలి. ఒత్తి వణకకూడదు. ఆయన చెప్పినట్టే పెట్టాను.

పాడ్యమినాడు తెల్లవారుజామున అమ్మగారు దీపం వదిలారు. అది తిన్నగా వెళ్లి తామరాకుల వెనక ఆగింది. కూర్చున్న ఆవిడకి ఆకులు అడ్డం. నిలబడ్డ నాకూ చిట్టికీ కనిపిస్తూనే ఉంది.

"ఎల్లిపోనాదేటే?" అని అడిగారు.

ఈ పిల్ల ఏం అంటుందోనని నాకు భయం వేసింది. చిట్టి దీపం వంక చూసింది, మామ్మ వంక చూసింది.

"ఎల్లిపోనాది మామ్మా. కనపడ్డం నేదు."

అమ్మగారు చేతులు జోడించి చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత కాఫీ అడిగారు.

అప్పా, ఇదే సంగతి. ఊళ్లో పెద్దలకి నా దండాలు. మీ ఇద్దరి దీవెన నా మీద ఉంటే నాకు చాలు.

నీ తమ్ముడు
జోగులు