బాపు బండికి కిక్కు కొట్టేదెవరు

బెల్లంపల్లి, 1961 జూన్, ఆదివారం రాత్రి

ఈ రోజు బాపు మోటార్‌సైకిల్ స్టార్టయింది. గనిలో బాపు కాలు విరిగినప్పటి నుంచి మూడేళ్లుగా గోనెసంచుల కింద ఉన్న బండి. రేపటి నుంచి నేను ఎనిమిది మైళ్ల అవతల ఊళ్లో పంతులమ్మను. ఆ దారిలో బస్సు లేదు; పొద్దున దింపి, సాయంత్రం తీసుకురావాల్సింది బాపే. బండి నడవకపోతే నౌకరీ వద్దని రాసియ్యమని నన్ను కన్న అవ్వే మొన్న తేల్చి చెప్పింది.

పొద్దున్నుంచీ ట్యాంకు కడిగాం, ప్లగ్గు తోమాం, కొత్త పెట్రోలు పోశాం. బాపు కుడికాలు వంగదు కాబట్టి కిక్కు కొట్టే పని నాదే. ఎంత కొట్టినా ఉలుకూ పలుకూ లేదు.

"పంతులమ్మ నౌకరంటే గుర్రం లెక్క తన్నుడా బిడ్డా?" అంది అవ్వ గడపలోంచి.

మధ్యాహ్నం బాపు కార్బురేటర్ విప్పి ఎండకు పట్టి చూశాడు. పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం జిగురుతో మూసుకుపోయింది. లోపలికి పోయి, గనిలో వాడిన కార్బైడ్ దీపం తెచ్చాడు. మంట వచ్చే దాని ముక్కు మూసుకుపోతే పొడిచే తీగ ఇంకా దానికే కట్టి ఉంది. మూడేళ్లుగా ఆ దీపాన్ని ముట్టని మనిషి.

"గిదీ దీపం లెక్కనే. ముక్కు మూసుకపోతే మంట రాదు," అంటూ ఆ తీగతోనే పొడిచాడు.

రెండో కిక్కుకే బండి అందుకుంది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని బాపు వాడంతా తిప్పాడు. గేరు మార్చినప్పుడల్లా నవ్వాడు.

ఇంటికొచ్చాకే భయం పట్టుకుంది. రేపు సాయంత్రం నేను బడిలో ఉంటాను; నన్ను తీసుకురావడానికి బాపు ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు కిక్కు ఎవరు కొడతారు?

"మీ అవ్వ లేదా?" అన్నాడు బాపు.

దీపాలు పెట్టే వేళ నేను బయటికి పోతే, అవ్వ చీర కుచ్చిళ్లు దోపుకుని కిక్కు మీద కాలు పెట్టి చూస్తోంది.

"తుడుస్తున్న," అంది నన్ను చూసి. చేతిలో గుడ్డ లేదు.