అంతరతామర ఏరుకుపోయిన పిల్ల

నరసరావుపేట,
ఆదివారం సాయంత్రం

నాన్నకు,

నీ స్టెల్లా వందనాలు. నేను ఇక్కడ కులాసాగా ఉన్నాను. విజయపురిలో నువ్వు, అమ్మ, నాయనమ్మ కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. నాయనమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నీ కాలి పుండు మానిందా? మానేదాకా కాలవలో దిగొద్దని అమ్మ చెబుతూనే ఉంటుంది, నువ్వు దిగుతూనే ఉంటావు.

ముందు ఒక సంగతి. నకరికల్లు దగ్గర కాలవ గట్టున కళ్లద్దాల పిల్ల ఒకతి బకెట్టు పట్టుకుని అంతరతామర ఏరుకుపోయిందని కాలవ పని చేసే మీ లస్కర్లు ఎవరైనా చెప్పి నవ్వితే, ఆ పిల్ల నేనే. వాళ్ల నోట వినకముందే నేను చెప్పాలని రాస్తున్నాను. ఫోనులో ఇంత మాట నాకు రాదు.

కాలేజీ లైబ్రరీలో పని బాగానే ఉంది. పుస్తకాలకు నంబర్లు అంటిస్తాను, అరల్లో సర్దుతాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేదు. పగలు అదే హాయి, సాయంత్రానికి అదే బరువు. ఎండ మాత్రం విపరీతం. మనకు డ్యాము వైపు నుంచి గాలైనా వచ్చేది, ఇక్కడ పొద్దుగూకినా గోడలు చల్లారవు. అన్నం నేనే వండుకుంటున్నాను. బాగా తింటున్నానని అమ్మకు చెప్పు.

అడిగిన ఇళ్లన్నిటా ఒంటరి ఆడపిల్లకు గది ఇవ్వం అన్నాక, రజియా ఆంటీ ఒక్కతే "తెచ్చుకో నీ పెట్టె" అన్నదని రాశాను కదా. కింద వాళ్లు, మేడ మీది గదిలో నేను. అంకుల్‌కు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. కూతురు నస్రీన్ కాపురం హైదరాబాదులో. ప్రయాణం చేయొద్దని డాక్టరు చెప్పడంతో పురిటికి ఆంటీయే అక్కడికి వెళ్లింది. వెళ్లేముందు నన్ను హాల్లోకి పిలిచి చేపల తొట్టి చూపించింది. నస్రీన్ పెళ్లికి ముందు నుంచీ పెంచుకున్న గప్పీలు అవి.

"మీ అంకుల్‌కి మోటార్లు తప్ప ఏందీ తెలవదు. నీ చేతిలో పెడుతున్నా బేటీ. చిల్లా నలభై రోజులు కాగానే నస్రీన్‌ని, బిడ్డని తీసుకొస్తా. అప్పటికి ఇయ్యి ఇట్నే ఉండాల."

నేను తల ఊపాను.

ఆ తొట్టిలో నీళ్ల మీద చిన్న చిన్న గుండ్రటి ఆకులు ఒత్తుగా తేలుతున్నాయి. నాన్నా, నేను కాలవ లస్కరు ఇంట్లో పెరిగినదాన్ని. నీళ్ల మీద పచ్చగా తేలేదేదైనా పీకి గట్టున వేయాల్సిందేనని తప్ప నాకు ఇంకో ఆలోచన రాలేదు. చూసుకోక పెరిగిపోయిన కలుపనుకున్నాను. ఆంటీ బస్సెక్కిన మర్నాడే, నువ్వు చెప్పే పద్ధతిలోనే, ఒక్క ముక్క కూడా మిగలకుండా తీసి మేడ మీద ఎండబెట్టాను. సాయంత్రానికి కరకరలాడాయి. తొట్టి తళతళలాడింది. నీకు ఫోటో పంపుదామని కూడా అనుకున్నాను.

కొన్నాళ్లకే నీళ్లు పచ్చబడ్డాయి. ఎంత మార్చినా మళ్లీ అంతే. చేపలు ఒక మూలకు చేరి ఊపిరాడనట్టు నోళ్లు తెరిచేవి. పుట్టిన పిల్లలు తెల్లారేసరికి మాయమయ్యేవి. భయపడి లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను. ఆ ఆకులు కావాలని పెంచేవట. కిటికీ వెలుగుకు అడ్డం పడి, నీళ్లలో మురికిని వేళ్లతో పీల్చుకుని, నీళ్లు పచ్చబడకుండా కాపాడేది అవేనట. చేపపిల్లలు దాక్కునేది కూడా ఆ వేళ్లలోనే. దాపు లేకపోతే పెద్ద చేపలే తినేస్తాయట. నేను చేసిన పని అప్పటికి అర్థమైంది.

ఆంటీ వీడియో కాల్ చేసి తొట్టి చూపించమంటే సిగ్నల్ లేదన్నాను. ఆ శనివారం పాపసంకీర్తనంలో ఆ అబద్ధం చెప్పుకున్నాను. ఫాదర్ "ఇంతకూ చేపలు బతికున్నాయా?" అని అడిగారు.

ఇక్కడి షాపులో ప్లాస్టిక్ మొక్కలే ఉన్నాయి. అందుకని ఆ మర్నాడు ఆదివారం పూజ కాగానే నకరికల్లు బస్సెక్కాను. కాలవలో అంతరతామర చిన్న క్యాబేజీల్లా తేలుతోంది. గట్టున ఇద్దరు లస్కర్లు దాన్నే లాగి పోస్తున్నారు.

"ఏందమ్మా, ఏమన్నా పారేసుకున్నావా?" అన్నాడు పెద్దాయన.

"లేదండీ. ఇవి కొన్ని కావాలి."

"ఇయ్యా? పప్పులో ఏస్తావా?"

"చేపల తొట్టిలో పెంచుతానండీ."

ఆయన రెండోవాడి వైపు తిరిగాడు. "ఒరేయ్, ఇన్నావా? మనం నడుములు పడిపోయేట్టు పీకుతుంటే ఈ పిల్ల పెంచుద్దంట. తీసుకోమ్మా, చానా ఉంది. ట్రాక్టరు తెచ్చుకోకపోయావా?" తర్వాత ఎవరమ్మాయివని అడిగాడు. నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు. మాచర్ల వైపు అన్నాను. అది అబద్ధం కాదు కదా.

నత్తలు పోయేదాకా బకెట్టులో ఉంచి, కడిగి తొట్టిలో వేశాను. అవీ నల్లబడి కుళ్లడం మొదలుపెట్టాయి. ఫిల్టరు నీళ్లు నేరుగా వాటి నెత్తిన పడుతున్నాయి. కాలవలో నీళ్లు దూకే డ్రాపు కింద ఏ గుర్రపుడెక్కా నిలవదని నువ్వనే మాట గుర్తొచ్చింది. ఫిల్టరు మూతి అద్దం వైపు తిప్పాను. పైమూత నుంచి చెమట బొట్లు ఆకుల మీద పడకుండా బట్టల క్లిప్పు పెట్టి సందు ఉంచాను. అప్పుడు తెల్లటి వేళ్లు దిగాయి, పక్కనుంచి పిలకలు వచ్చాయి. ఇక ఆగలేదు, తొట్టంతా కమ్మేయబోయాయి. షట్టర్ల ముందు మీరు మోకు కట్టి డెక్కను ఆపినట్టు, సన్నటి గాలి గొట్టాన్ని గుండ్రంగా చుట్టి నీళ్ల మీద తేలేలా వేశాను. ఆ చుట్టు లోపల ఖాళీగా ఉంటుంది. మేత అక్కడ వేస్తాను.

నిన్న ఆంటీ వాళ్లొచ్చారు. పొద్దున్నే నా పెట్టె సర్ది ఉంచాను, పొమ్మంటే వెంటనే పోవచ్చని. నస్రీన్ బిడ్డను తల్లి చేతికిచ్చి నేరుగా తొట్టి దగ్గరకు వెళ్లింది.

"అమ్మీ, ఇయ్యి మన ఆకులు కాదు."

నేను మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాను. పీకింది, ఎండబెట్టింది, సిగ్నల్ లేదన్నది, మా నాన్న లస్కరన్నది. తర్వాత ఆంటీ నెమ్మదిగా అడిగింది.

"అంటే మీ నాన్న జీతం తీసుకుని పీకేదాన్ని నువ్వు బస్సు టికెట్టు పెట్టి తెచ్చావా?"

అంకుల్‌కు నవ్వాగక టీ ఒలికింది. నస్రీన్ నవ్వలేదు, అద్దానికి ముక్కు ఆనించి వేళ్ల మధ్యకు చూస్తోంది. "అమ్మీ, పిల్లలు. ఎన్ని పిల్లలో చూడు" అన్నది. ఆంటీ వంగి చూసి, నాతో మాత్రం "పోయి మొహం కడుక్కో, అన్నం తిందాం" అన్నది. పైకి వెళ్లి ముందు పెట్టె విప్పాను. చాలా రోజులకు రాత్రి కలత లేకుండా నిద్రపోయాను.

నువ్వు కంగారు పడొద్దు. ఎక్కువైన మొక్కలను మురుగుకాలవలో వేయడం లేదు. నువ్వు నేర్పినట్టే మేడ మీద ఎండబెడుతున్నాను. ఒక్క ముక్క కూడా నీళ్లలోకి పోనివ్వను.

వచ్చేవాళ్లెవరైనా ఉంటే నా పాత నిఘంటువు, కాస్త చింతకాయ పచ్చడి పంపించు. పచ్చడి ఆంటీకి కూడా. నాయనమ్మను ప్రార్థనలో నన్ను తలుచుకోమను. అమ్మకు ముద్దులు, పెద్దలందరికీ నా వందనాలు. నీ దీవెన నా మీద ఉండాలి.

ఆ నకరికల్లు లస్కరు కనిపిస్తే, ఆ పిల్ల నీ కూతురని చెప్పు. నామోషీ అనిపిస్తే మాచర్ల వైపు పిల్లని చెప్పు.

నీ కూతురు,
స్టెల్లా